నొప్పుల బిళ్ళ కణం లోపల ఏమి చేస్తుంది?



ఓ.పి.లో మేము తరచుగా వినే మాట ఒకటి ఉంది. "ఊళ్ళో పొట్లం కట్టి ఇచ్చిన బిళ్ళ వేసుకుంటే మర్నాటికి లేచి చేలోకి పొయ్యానయ్యా. మీ బిళ్ళకు ఆ పవరు లేదు. అదే రాసియ్యండి." ఉదయగిరి వైపు నుండి నడుము పట్టేసి వచ్చే పెద్దవారు ఈ మాట అంటారు. ఆత్మకూరు వైపు వరి నాట్లలో రోజంతా వంగి పనిచేసిన తల్లులూ అంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. ఆ బిళ్ళ నిజంగానే మనిషిని లేపుతుంది. చాలాసార్లు అది స్టెరాయిడ్. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. పొట్లంలో వచ్చే బిళ్ళకు పేరు ఉండదు కాబట్టి వేసుకున్నవారికి ఆ సంగతి తెలియదు.

"స్టెరాయిడ్ మంచిది కాదు" అని డాక్టరు ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే రోగి నమ్మడు. తనను నడిపించిన మందును చెడ్డదంటే ఎవరు నమ్ముతారు? పైగా అదే మందును మేమే ఆస్తమా రోగికి ఇస్తాము, నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన గర్భిణికి ఇస్తాము. ఇది చూసినవారికి మా మాట మీద అనుమానం రావడం న్యాయమే. అందుచేత ఆ మందు కణం లోపలికి వెళ్ళి ఏమి చేస్తుందో ఈసారి మొదటి నుండి చెప్పాలనుకున్నాము. కొంచెం సైన్సు ఉంటుంది. ఓపికగా చదవండి. పదో తరగతి పిల్లలు ఇంట్లో ఉంటే వారిచేత చదివించుకోండి.

మన వైపు నొప్పులు

ఉదయగిరి మెట్ట ప్రాంతంలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళు ఉన్నాయి. మన దేశంలో ఫ్లోరైడ్ వ్యాధిని వైద్య పత్రికలో మొదటిసారి వివరించింది 1937లో. అది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగుల గురించే. ఆనాటి నెల్లూరు జిల్లా పెద్దది. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు కూడా అందులోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్ళాయి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఏళ్ళ తరబడి అంతకంటే బాగా ఎక్కువ తాగితే పళ్ళు గారపట్టి, ఎముకలు దళసరై, మెడ, నడుము, మోకాళ్ళు బిగుసుకుంటాయి. దీనికి వయసుతో వచ్చే అరుగుదల, వంగి చేసే పని తోడవుతాయి. ఒక రోజు కూలి పోతే ఇల్లు గడవని చోట, చవకగా దొరికే పొట్లం వైపు చెయ్యి పోవడంలో వింత లేదు. కాని స్టెరాయిడ్ ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను రవ్వంత కూడా తీయదు. అరిగిన కీలును తిరిగి కట్టదు. మరి నొప్పి ఎలా తగ్గుతుంది?

కాలువ మీద లస్కర్

మన శరీరంలోని కణాలలో దాదాపు అన్నింటికీ ఒకే డి.ఎన్.ఎ. ఉంటుంది. ఒక్క కణంలోని డి.ఎన్.ఎ.ను చాపితే సుమారు రెండు మీటర్ల పొడవు వస్తుంది. అందులో ప్రోటీన్లు తయారుచేసే సూచనలు, అంటే జీన్లు, సుమారు 20,000 ఉన్నాయి. కాలేయంలో ఉన్నది ఆ గ్రంథమే, ఎముకలో ఉన్నదీ ఆ గ్రంథమే. అయినా కాలేయం కాలేయం పని, ఎముక ఎముక పని చేస్తున్నాయి. ఏ చోట ఏ జీన్ తెరవాలి, ఏది మూయాలి అన్నదానిలోనే తేడా అంతా ఉంది.

ఆత్మకూరు దగ్గరి సోమశిల జలాశయాన్ని తలచుకోండి. నీరు ఒకటే, పెన్నమ్మ నీరే. ఏ పొలం తడుస్తుంది అన్నది నీరు నిర్ణయించదు, తూము నిర్ణయిస్తుంది. తూము దగ్గర లస్కర్ ఉంటాడు. పైనుండి ఆర్డరు వస్తే షట్టరు ఎత్తుతాడు, మరో ఆర్డరు వస్తే దించుతాడు. (ఉదయగిరి మెట్టవారికి ఈ పోలిక కొంచెం బాధ కలిగించవచ్చు. మన్నించండి.)

కణంలో లస్కర్ పని చేసే ప్రోటీన్లను ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. ట్రాన్‌స్క్రిప్షన్ అంటే నకలు తీయడం. అసలు దస్త్రం ఆఫీసు బీరువాలోనే ఉండి నకలు మాత్రం మన చేతికి వచ్చినట్లు, డి.ఎన్.ఎ. కణం నడుమ ఉన్న కేంద్రకం దాటి రాదు. కావలసిన జీన్‌కు ఆర్.ఎన్.ఎ. అనే నకలు తీసి బయటకు పంపితే, దాన్ని చూసి ప్రోటీన్ తయారవుతుంది. ఏ జీన్‌కు నకలు తీయాలి, ఎన్ని తీయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఈ ఫ్యాక్టర్ల చేతిలో ఉంది. మనిషిలో ఇవి సుమారు 1,600 రకాలు.

స్టెరాయిడ్ బిళ్ళ నేరుగా వెళ్ళి నొప్పిని పట్టుకోదు. అది ఒక లస్కర్ చేతికి అందే ఆర్డరు మాత్రమే. ఆ లస్కర్ పేరు గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్. ఇకమీదట రిసెప్టర్ అని మాత్రమే అందాము. డెక్సామెథసోన్ కనిపెట్టక ముందు నుండీ, ఆదాము నాటి నుండీ అది మన కణాలలో ఉంది. మన మూత్రపిండాల మీద టోపీలలాగా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను రోజూ తయారుచేస్తాయి. రిసెప్టర్‌కు అసలు ఆర్డరు ఆ కార్టిసాలే.

కొయ్య చెంచా, వికటకవి

ఉదయగిరి కొయ్య చెంచాలు మీ అందరికీ తెలుసు. ఒకే చెక్కతో చేసినా ఒక కొసను చేత్తో పట్టుకుంటాము, రెండో కొసతో వడ్డిస్తాము. పట్టుకునే పని వేరు, వడ్డించే పని వేరు. చాలా ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ల నిర్మాణం ఇలాగే ఉంటుంది. ఒక భాగం డి.ఎన్.ఎ.ను పట్టుకుంటుంది. మరో భాగం నకలు తీసే యంత్రాన్ని పిలుస్తుంది. మన రిసెప్టర్‌కు అదనంగా ఆర్డరును అందుకునే గుంట కూడా ఉంది. ఇది మొత్తం 777 అమైనో ఆమ్లాల దండ. దీని జీన్‌ను 1985లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో రోనాల్డ్ ఎవాన్స్ బృందం చదివింది.

ఆర్డరు రానంతవరకు రిసెప్టర్ కేంద్రకం బయట, తోడు ప్రోటీన్ల మధ్య ఊరికే ఉంటుంది. కార్టిసాల్ గాని బిళ్ళలోని స్టెరాయిడ్ గాని వచ్చి గుంటలో కూర్చున్నదంటే ఆ కొస ఆకారం మారుతుంది. దండలోని ఒక ముక్క కుండ మీద మూతలాగా జరిగి కూర్చుంటుంది. డెక్సామెథసోన్ గుంటలో ఉండగా ఈ ఆకారం ఎలా ఉంటుందో 2002లో స్పటికాల ద్వారా చూడగలిగారు. ఇప్పుడు రిసెప్టర్ కేంద్రకం లోపలికి వెళ్తుంది.

లోపల మూడు వందల కోట్ల అక్షరాలు ఉన్నాయి. వాటిలో తన చోటును ఎలా గుర్తుపడుతుంది? దాని నడిమి భాగంలో రెండు జింకు అణువులు ఉన్నాయి. ఒక్కొక్క జింకును నాలుగేసి సిస్టీన్‌లు నాలుగు వైపుల నుండి పట్టుకుని ఉంటాయి. జింకు లేకపోతే ఆ భాగం నిలవదు, మేకు ఊడిన మంచంలాగా కూలిపోతుంది. అలా బిగిసిన మడత నుండి ఒక చిన్న మెలిక ముందుకు వచ్చి డి.ఎన్.ఎ. గాడిలో సరిగ్గా ఇముడుతుంది. వీటికి జింకు వేళ్ళు అని పేరు. చూపులేనివారు బ్రెయిలీ అక్షరాలను వేలితో తడిమి చదివినట్లు, డి.ఎన్.ఎ. మెలికను విప్పకుండానే అక్షరాల అంచులను తడిమి ఇది చదువుతుంది.

ఒక్క రిసెప్టర్ పట్టు చాలదు. రెండు కలిసి జంటగా కూర్చుంటాయి. అందుకు తగినట్లే అవి వెదికే మాట కూడా ఉంటుంది. ఆరు అక్షరాలు, మూడక్షరాల ఖాళీ, మళ్ళీ ఆరు అక్షరాలు. డి.ఎన్.ఎ.కు రెండు పోగులు ఉన్నాయి కదా, ఒక పోగు మీద మొదటి ఆరు అక్షరాలు ఎలా ఉంటాయో ఎదురు పోగు మీద అటునుండి చదివితే అలాగే ఉంటాయి. 1514లో ఉదయగిరి కోటను గెలిచిన కృష్ణదేవరాయల కొలువులో తెనాలి రామకృష్ణునికి వికటకవి అని పేరు వచ్చిందని మనవారు చెప్పుకుంటారు. ఆ మాటను ఎటునుండి చదివినా ఒకటే. రిసెప్టర్ జంట చదివేది అటువంటి మాటనే. ఆ జంట డి.ఎన్.ఎ. మీద కూర్చున్న చిత్రాన్ని 1991లో యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ సిగ్లర్ బృందం మొదటిసారి తీసింది. 139వ కీర్తనలో దావీదు తన శరీర నిర్మాణాన్ని తలచుకుని ఆశ్చర్యపడ్డాడు. ఈ చిత్రం చూసి ఉంటే ఇంకెంత ఆశ్చర్యపడేవాడో!

కూర్చున్న రిసెప్టర్ తనంతట తాను నకలు తీయలేదు. మూత కదిలినప్పుడు ఏర్పడిన అంచుకు సహాయక ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి. అవి నకలు తీసే యంత్రాన్ని తెచ్చి నిలుపుతాయి. ఈ సహాయకుల సంగతి తేల్చినవారిలో మన తెలుగువారు ఒకరున్నారు. హైదరాబాదులో వైద్యం చదివి, అమెరికాలో షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పాథాలజీ విభాగాధిపతిగా పనిచేసిన డాక్టర్ జనార్దన్ రెడ్డి. కొవ్వు, చక్కెర వాడకాన్ని నడిపే పి.పి.ఎ.ఆర్. అనే రిసెప్టర్‌కు అతుక్కునే సహాయకుడిని ఆయన ప్రయోగశాల 1997లో పట్టుకుంది. తరువాత అది ఎన్నో రిసెప్టర్లకు సాయపడుతుందని తేలింది. షుగరుకు కొందరు వేసుకునే పయోగ్లిటజోన్ బిళ్ళ వెళ్ళి కూర్చునేది ఈ పి.పి.ఎ.ఆర్. గుంటలోనే. థైరాయిడ్ హార్మోన్, విటమిన్ ఎ, విటమిన్ డి, స్త్రీల ఈస్ట్రోజెన్, వీటన్నింటికీ ఇదే కుటుంబానికి చెందిన రిసెప్టర్లు ఉన్నాయి. మనిషిలో మొత్తం 48.

లేచి నడిచిన స్త్రీ

ఈ నిర్మాణాలేవీ తెలియని రోజుల్లోనే ఈ మందు వాడకం మొదలైంది. 1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్ళవాతంతో మంచం దిగలేని 29 ఏళ్ళ స్త్రీకి కార్టిసోన్ సూది వేయించాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచింది, వారం తిరిగేసరికి బజారుకు నడిచి వెళ్ళింది. 1950లో హెంచ్‌కు, కెండల్‌కు, రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కాని అప్పటికే రోగుల ముఖాలు ఉబ్బడం, మందు ఆపితే నొప్పులు తిరగబెట్టడం వైద్యులు చూస్తున్నారు. మన పొట్లం కథ కూడా అచ్చంగా ఇదే.

నొప్పి ఎలా తగ్గిందో ఇప్పుడు చెప్పవచ్చు. కీలులో వాపు రావాలంటే వాపు పుట్టించే జీన్లు తెరవాలి. వాటిని తెరిచేది ఎన్.ఎఫ్. కప్పా బి అనే మరో లస్కర్. మన రిసెప్టర్ వెళ్ళి ఆ లస్కర్‌ను పని చేయనివ్వదు. మరోవైపు వాపును అణచే జీన్లను తాను తెరుస్తుంది. నకళ్ళు తీయాలి, ప్రోటీన్లు తయారు కావాలి కాబట్టి దీనికి కొన్ని గంటలు పడుతుంది. రాత్రి వేసుకుంటే తెల్లవారేసరికి తేలిక అనిపించేది అందుకే.

ఒకే ఆర్డరు, అన్ని తూములకూ

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ రిసెప్టర్ మోకాలిలో మాత్రమే లేదు. దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. మింగిన బిళ్ళ రక్తంలో కలిసి అన్ని చోట్లకూ ఒకేసారి ఆర్డరు తీసుకుపోతుంది. మోకాలికి మాత్రమే వెళ్ళు అని దానికి చెప్పే మార్గం లేదు. ఒక్కొక్క అవయవంలో డి.ఎన్.ఎ. ఒక్కొక్క రకంగా చుట్టి ఉంటుంది, కొన్ని చోట్లు తెరిచి, కొన్ని మూసి. కాబట్టి అదే రిసెప్టర్ కాలేయంలో ఒక గుంపు జీన్లను, ఎముకలో మరో గుంపును ముట్టుకుంటుంది. అలా మొత్తం వందల జీన్లు కదులుతాయి.

కాలేయంలో అది చక్కెర తయారుచేసే జీన్లను తెరుస్తుంది. షుగరు లేనివారికి షుగరు వస్తుంది, ఉన్నవారికి అదుపు తప్పుతుంది. ఎముకలో కొత్త ఎముక కట్టే కణాలను అణుస్తుంది. ఫ్లోరైడ్‌తో దళసరైన ఎముక గట్టిదని అనుకోవద్దు. అది పెళుసు. దాని మీద స్టెరాయిడ్ కూడా పడితే చిన్న జారుపాటుకే తుంటి విరగవచ్చు. కండలో ప్రోటీన్లను కరిగించే జీన్లు తెరుచుకుంటాయి, తొడలు సన్నబడతాయి. మొదట లేపిన మందే కొన్ని నెలలకు కింద కూర్చున్న మనిషిని చెయ్యి ఊతం లేకుండా లేవనివ్వదు. ముఖం గుండ్రమవుతుంది. మెడ వెనుక కొవ్వు చేరుతుంది. "ఒళ్ళు చేశావే" అని చుట్టాలు మెచ్చుకుంటారు కూడా! చర్మం పల్చనై తగిలిన చోటల్లా నల్లగా కములుతుంది. కంటిలో శుక్లం త్వరగా వస్తుంది.

అన్నింటికంటే మేము భయపడేది క్షయ గురించి. వాపు అంటే మనకు నొప్పి, శరీరానికి మాత్రం అది కాపలా. ఎన్.ఎఫ్. కప్పా బి ని పడుకోబెడితే కాపలావాడిని పడుకోబెట్టినట్లే. ఎప్పుడో చిన్ననాడు ఊపిరితిత్తుల్లో చేరి అణగి ఉన్న క్షయ క్రిమి అప్పుడు లేస్తుంది. 2021లో మన రాష్ట్రంలోనూ బ్లాక్ ఫంగస్ ఎంతమందిని బాధించిందో మరచిపోలేదు కదా. షుగరు ఎక్కువగా ఉండటం, స్టెరాయిడ్‌ను అవసరానికి మించి వాడటం ఆ రోగానికి దారి తీసిన ముఖ్య కారణాలు.

బిళ్ళ చిన్నదే కదా అనవచ్చు. మన శరీరం రోజుకు తయారుచేసుకునే కార్టిసాల్ సుమారు 10 నుండి 20 మిల్లీగ్రాములు. 20 మిల్లీగ్రాముల కార్టిసాల్ చేసే పనిని 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేస్తుంది, ముప్పావు మిల్లీగ్రాము డెక్సామెథసోన్ చేస్తుంది. గుంటలో అంత గట్టిగా ఇముడుతుంది గనుక. అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ బిళ్ళలు రోజుకు నాలుగు మింగితే శరీరం చేసుకునేదానికి కనీసం రెండున్నర రెట్ల ఆర్డరు పడినట్లు.

మేము ఎందుకు ఇస్తాము?

కొన్ని సందర్భాలలో ఆ వందల తూములు తెరవడం వల్ల కలిగే నష్టం కంటే మేలు చాలా ఎక్కువ. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ సూది పన్నెండేసి గంటలకు నాలుగుసార్లు వేస్తారు. అది బిడ్డ ఊపిరితిత్తుల్లోని రిసెప్టర్లను చేరి, గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే సబ్బులాంటి పదార్థం తయారయ్యేలా చేస్తుంది. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే వైద్యులు ఈ సంగతి నిరూపించారు. అప్పటి నుండి ఎందరు పసిబిడ్డలు బ్రతికారో లెక్కలేదు. కుష్ఠు రోగులకు రియాక్షన్ వచ్చి నరాలు వాచినప్పుడు ప్రెడ్నిసొలోన్ సమయానికి అందకపోతే చెయ్యి, కాలు వంకరపోతాయి. ఆస్తమా బాగా ముదిరినప్పుడూ ఇదే.

కోవిడ్‌లో కూడా పాఠం స్పష్టంగా కనిపించింది. 2020 జూన్‌లో బ్రిటన్ వైద్యుల రికవరీ పరిశోధన ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజుల వరకు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరమైనవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ కలగలేదు. మందు ఒకటే, మోతాదు ఒకటే.

ఈ రాత్రే ఆపేయవద్దు

ఇది చదివి భయపడి ఎవరైనా నెలల తరబడి వాడుతున్న బిళ్ళలను చెత్తలో పారేస్తారేమో అని మాకు ఇంకా పెద్ద భయం. దయచేసి అలా చేయవద్దు. కారణం కూడా ఈ రిసెప్టరే. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథిలోనూ అది ఉంది. రక్తంలో ఆర్డర్లు ఎక్కువైతే అది అక్కడ "ఇక చాలు" అని అడ్రినల్ గ్రంథులను పనిచేయించే హార్మోన్ జీన్‌ను మూసేస్తుంది. బయటి నుండి బిళ్ళ వస్తున్నంతకాలం ఆ తూము మూసే ఉంటుంది. పని లేని అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. మూడు నాలుగు వారాలకు మించి వాడినవారు ఒక్కసారిగా ఆపితే బయటి స్టెరాయిడ్ ఉండదు, లోపలి కార్టిసాల్ కూడా ఉండదు. నీరసం, వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం మొదలై బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా, బస్సు ప్రమాదంలో దెబ్బ తగిలినా ఈ అపాయం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అలాంటి వేళ శరీరానికి కార్టిసాల్ మామూలు కంటే ఎక్కువ కావాలి.

మోతాదును వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తే గ్రంథులు మెల్లగా మేలుకుంటాయి. ఎంత తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది రోగిని చూసి డాక్టరు చెప్పవలసిన సంగతి. ఆ తగ్గించే రోజుల్లో నొప్పి తిరిగి వస్తుంది, దాచడం ఎందుకు. దానికి పారాసిటమాల్, వేడి కాపడం, ఫిజియోథెరపీ వ్యాయామాలు ఉన్నాయి. ఎక్స్‌రే తీసి ఫ్లోరైడ్ ఉందని తేలితే ముందు తాగే నీరు మార్చాలి. కీళ్ళవాతమైతే దానికి వేరే మందులు ఉన్నాయి.

మీరు ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న ఖాళీ స్ట్రిప్పులు, పొట్లంలో మిగిలిన బిళ్ళలు, ఒక్కటే మిగిలినా సరే, తీసుకురండి. ఎన్ని నెలలుగా వేసుకుంటున్నారో, నొప్పులకు సూదులు ఎన్ని వేయించుకున్నారో దాచకుండా చెప్పండి. ఎవరు ఇచ్చారని మేము అడగము. కాన్పుకు గాని, ఆపరేషన్‌కు గాని, పన్ను తీయించుకోవడానికి గాని వేరే ఆసుపత్రికి వెళ్ళినా, గత సంవత్సరంలో ఈ బిళ్ళలు వాడి ఉంటే ఆ మాట ముందుగా అక్కడి డాక్టరుకు చెప్పండి. వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఓ.పి. రోజు కోసం ఆగవద్దు. రాత్రయినా సరే తీసుకురండి, స్టెరాయిడ్ ఆపి ఎన్ని రోజులైందో గేటు దగ్గరే నర్సుకు చెప్పండి.